పందికి పంచాంగం లేదు

"ఇయ్యాల పున్నమి గదా, పంది రాదు. ఇంట్ల పండుకో."

పాలమూరు పల్లెల్లో పల్లి చేను వేసిన ఇంట ఈ మాట వినని వాళ్లుండరు. చెప్పేది రైతే, వినేదీ రైతే. అందులో ఎవరికీ మోసం చేసే ఉద్దేశం లేదు. అయినా నల్లమల అంచు చెలకల్లో ఏటా ఎన్నో చేలు ఆ ఒక్క మాటను నమ్ముకొని, కావలి లేక, ఒక్క రాత్రిలో పాడవుతున్నాయి. అందుకే దీన్ని ఖండించాలి. పెద్దల మాట కాబట్టి మర్యాదగా ఖండించాలి, పంట పోతోంది కాబట్టి గట్టిగా ఖండించాలి.

ఇదే ఊళ్లలో ఇంకో మాట కూడా ఉంది. అది వేటకు పోయేవాళ్లది. "పందికి పోవాలంటే వెన్నెల రాత్రే పోవాలె" అంటారు. ఒక మాట వెన్నెల్లో పంది రాదంటుంది, రెండోది వెన్నెల్లోనే పంది దొరుకుతుందంటుంది. రెండూ ఒకే రచ్చబండ మీద, ఒక్కోసారి ఒకే నోటి నుంచి వస్తాయి. రెండూ ఒక్కసారే నిజం కాలేవు. నన్నడిగితే అవి అసలు పంది గురించిన మాటలే కావు. రెండూ మన కళ్ల గురించిన మాటలు. వెన్నెల్లో మనకు కనబడుతుంది, చీకట్లో కనబడదు. మనకున్న ఆ తేడాను తీసుకెళ్లి పందికి అంటగట్టాం.

నాకు పన్నెండేళ్లున్నప్పుడు ఈ నమ్మకం మా ఇంటి మీద పడింది. మాఘ మాసం. పల్లి కాయ ఊరింది, ఇంకో పదిహేను రోజుల్లో పీకుడు. అంతకుముందు చీకటి రాత్రులన్నీ నాయిన మంచె మీదే గడిపాడు. గొంగడి కప్పుకొని, రేకుడబ్బా వాయిస్తూ, వడిసెలతో చీకట్లోకి రాళ్లు విసురుతూ ఉండేవాడు. పున్నమికి రెండు రోజుల ముందు నుంచి ఇంటికొచ్చి పడుకోవడం మొదలుపెట్టాడు. ఒళ్లు అలిసిపోయింది, వెన్నెల వచ్చింది, వెన్నెల్లో పంది రాదు. ఆ నిద్రను నేనెప్పుడూ తప్పు పట్టలేను.

పున్నమి మర్నాడు పొద్దున్నే అమ్మ వెంట చేనుకు పోయాను. అమ్మ గెనెం మీద నిలబడిపోయింది, ఒక్క మాటా అనలేదు. గొర్రు అడ్డదిడ్డంగా తోలినట్టు సాళ్లన్నీ తవ్వి ఉన్నాయి. పల్లి మొక్కలు వేర్లు పైకి తేలి పడి ఉన్నాయి. ఊడలకు కాయల్లేవు. నమిలి వదిలిన పొట్టు ఎర్రమట్టిలో తెల్లగా చెదిరి ఉంది. తడి ఆరని చోట గిట్టల అచ్చులు స్పష్టంగా పడ్డాయి. ముందు రెండు పెద్ద గిట్టలు, వాటి వెనక కాస్త ఎడంగా రెండు చిన్న గుంటలు. పెద్ద అచ్చులు, చిన్న అచ్చులు, నా బొటనవేలంత అచ్చులు. పిల్లలతో సహా మంద మొత్తం దిగింది.

నాయిన వచ్చి, వంగి, ఒక అచ్చును వేలితో తడిమి చూశాడు. "చంద్రుడు గూకినంక దిగినట్టున్నయి" అన్నాడు. నేను నమ్మాను. చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు. పున్నమి నాడు చంద్రుడు పొద్దుగూకే వేళకు ఎక్కి, పొద్దుపొడిచే వేళకు గాని దిగడు. ఆ రాత్రి చంద్రుడు గూకిన తర్వాత చీకటన్నదే లేదు. తాను నమ్మిన మాట పోకుండా కాపాడుకోవడానికి నాయిన లేని చీకటిని ఊహించుకోవలసి వచ్చింది.

ఈ నమ్మకం ఇన్నేళ్లుగా నిలిచింది ఇలాగే. చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శుద్ధ అష్టమి నాడు చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో గూకుతాడు. బహుళ అష్టమి నాడు అర్ధరాత్రి ప్రాంతంలో ఎక్కుతాడు. 29న్నర రోజుల చాంద్రమాసంలో పున్నమి దగ్గరివి, అమావాస్య దగ్గరివి తీసేస్తే మిగిలిన రాత్రులన్నీ కొంత వెన్నెల, కొంత చీకటి. పంది దిగిన గంట ఎవరూ చూడరు. తెల్లారి తవ్విపోసిన చేను మాత్రమే చూస్తారు. అప్పుడిక ఏ రాత్రి నష్టమైనా చీకటి ఖాతాలో రాసేయవచ్చు. నిండు వెన్నెల రాత్రి వస్తే మబ్బు పట్టిందంటారు. మబ్బు లేకపోతే అది ఒంటిపంది, దానికి భయముండదంటారు. ఏది జరిగినా ఓడిపోని మాట మనకు ఏమీ నేర్పదు. అది కావలికి పనికిరాదు.

ఇక పంది సంగతికి వద్దాం. రాత్రి తిరిగే చాలా జంతువుల కంటి లోపల, వెనకవైపు, అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది తిప్పి కొడుతుంది, అలా చూపుకు అదే వెలుగు రెండోసారి అందుతుంది. చిరుత కళ్లు, దుప్పి కళ్లు, మన కొట్టంలోని ఆవు కళ్లు టార్చి పడగానే మెరిసేది అందుకే. పందికి ఆ పొర లేదు. పంది కళ్లు చిన్నవి, తలకు పక్కలకు ఉంటాయి. చుట్టుపక్కల కదలికను పసిగట్టడానికి పనికొస్తాయి గాని, దూరాన నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడానికి అంతగా కాదు. మంచె మీద కదలకుండా కూర్చున్న మనిషికి చాలా దగ్గరగా పందులు వచ్చి మేయడం కావలికి పోయిన ప్రతివాడికీ తెలుసు. అదే మనిషి బీడీ వెలిగించి, గాలి అటు తిరిగితే, మంద ఒక్క గుర్రుతో మాయమవుతుంది.

పంది బతుకంతా ముక్కు మీద నడుస్తుంది. మూతి చివర ఉండే గుండ్రటి గట్టి బిళ్ల దానికి పారా, ముక్కూ రెండూ. యూరప్‌లో నేలలోపల పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును వెతకడానికి తరతరాలుగా పెంపుడు పందులను వెంట తీసుకుపోయారు. అవి వాసన పట్టి తవ్వి చూపించేవి. ఆ తవ్వకంలో నేల పాడవుతోందని 1985లో ఇటలీ ఆ పనికి పందులను వాడటం నిషేధించింది. మట్టిలోపలి పుట్టగొడుగును పసిగట్టే జంతువుకు మట్టిలోపలి పల్లికాయ ఒక లెక్కా? పల్లికాయ నేలలో ఉంటుంది. వెన్నెల నేలలోకి దిగదు. దాన్ని వెతుక్కోవడానికి పందికి వెన్నెల అక్కర్లేదు, చీకటి అడ్డమూ కాదు.

ఇక్కడ ఎదుటివాళ్లు అడగవలసిన గట్టి ప్రశ్న ఒకటుంది. "వెతుక్కోవడానికి వెలుగు అక్కర్లేకపోవచ్చు. కానీ వెలుగులో తాను ఇంకొకరి కంట పడతాననే భయం ఉండదా?" అని. ఇది న్యాయమైన ప్రశ్న, దాటవేయను. లారా ప్రూ, క్రిస్టఫర్ గోల్డెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 59 రకాల రాత్రి క్షీరదాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి పరిశీలించి, 2014లో ప్రచురించారు. వెన్నెల అన్ని జంతువుల మీదా ఒకేలా పనిచేయదని తేల్చారు. ప్రధానంగా చూపును నమ్ముకొని బతికేవి వెన్నెల్లో ఎక్కువ తిరిగే అవకాశం ఉంది. చూపును అంతగా నమ్ముకోనివి, చాటు లేని బయలులో మేసేవి తగ్గే అవకాశం ఉంది. అడవిపంది రెండో రకానికి దగ్గర. యూరప్‌లో దాని మీద జరిగిన పరిశీలనల్లో కూడా వెన్నెల రాత్రుల్లో కదలిక తగ్గిన చోట్లు ఉన్నాయి, చెప్పుకోదగ్గ తేడా కనబడని చోట్లూ ఉన్నాయి.

కాబట్టి వెన్నెల ప్రభావం సున్నా అని నేను అనడం లేదు. బోసి చెలకలో, నడినెత్తిన చంద్రుడున్నప్పుడు, మంద కాస్త జంకవచ్చు, అడవి అంచున ఇంకో గంట ఆగవచ్చు. కానీ తగ్గడం వేరు, రాకపోవడం వేరు. శాస్త్రం చెప్పేది మొదటిది, మనం నమ్ముతున్నది రెండోది. పది రాత్రులు వచ్చే మంద ఎనిమిది రాత్రులే వస్తుందని అనుకుందాం. ఆ తగ్గిన రెండు రాత్రులు ఏవో ముందే తెలియనప్పుడు రైతుకు ఒరిగేదేమిటి? చేను పోవడానికి పది రాత్రులు అక్కర్లేదు. మాకు ఒక్కటి సరిపోయింది.

పైగా ఆ కాస్త జంకు కూడా పైన చాటు లేనప్పుడే. మక్క చేను మనిషి ఎత్తు దాటి పెరిగాక దాని లోపలికి ఎప్పుడైనా రాత్రి పోయి చూశారా? బయట గెనెం మీద పత్రిక అక్షరాలు గుర్తుపట్టేంత వెన్నెల ఉన్నా, నాలుగు సాళ్లు లోపలికి పోతే మన చెయ్యి మనకు కనబడదు. నిండు పున్నమి వెలుగే లక్స్‌లో మూడో వంతుకు మించదు. పగటి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆ మూడో వంతును కూడా మక్క ఆకులు పైనే ఆపేస్తాయి. అడవి అంచు నుంచి చేను దాకా వాగు పొదలుంటే, చేను లోపల పంట చాటుంటే, పందికి ప్రతి రాత్రీ అమావాస్యే. పైగా వానాకాలం మక్క కంకి పాలు పోసుకునేది శ్రావణ భాద్రపదాల్లో. ఆ రెండు నెలల్లో ఆకాశం తేటగా ఉండే రాత్రులెన్ని? చంద్రుడే కనబడని నెలల్లో చంద్రుణ్ణి చూసి కావలి పెట్టడం ఏమి లెక్క?

ఇప్పుడు వేటగాళ్ల మాట. పందివేట మీద వెన్నెల నమ్మకం మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉంది. జర్మనీ వేటగాళ్లలో పందివేటకు అనువైన నిండు వెన్నెలకు ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. నేల మీద మంచు పరుచుకొని, పైన పున్నమి ఉంటే వాళ్లకు పండగ. అది పంది పండగ మాత్రం కాదు. అక్కడ చాలాకాలం రాత్రిపూట చూపునిచ్చే పరికరాలతో వేటాడటానికి చట్టం ఒప్పుకోలేదు. కాబట్టి వేటగాడు వెన్నెల కోసం కాచుకున్నాడు. వెన్నెల్లోనే కూర్చున్నాడు కాబట్టి వెన్నెల్లోనే కొట్టాడు. కొట్టినవన్నీ లెక్క రాస్తే వెన్నెల రాత్రుల్లోనే పందులు ఎక్కువ తిరుగుతున్నట్టు కనబడింది. చీకటి రాత్రుల్లో అతను ఇంట్లో ఉన్నాడు, ఆ రాత్రుల పందులను లెక్కపెట్టిన వాడే లేడు.

అమెరికాలోని టెక్సాస్‌లో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. అక్కడ అడవిపట్టిన పందులు పంటలకు పెద్ద బెడద. 2011లో హెలికాప్టర్ నుంచి కాల్చడానికి దారి తెరిచే చట్టం తెచ్చారు. 2019 నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు. ఒంటి వేడిని బట్టి జంతువును చూపించే థర్మల్ స్కోపులు అక్కడ వేటగాళ్ల చేతుల్లోకి వచ్చాయి. స్కోపు ఉన్నవాడికి వెన్నెల అవసరం తీరిపోయింది. చీకటి రాత్రి అయితే తాను పందికి కనబడనని, అదే మేలని అనేవాళ్లు ఇప్పుడు వాళ్లలో ఉన్నారు. పంది మారలేదు, దాని ముక్కు మారలేదు. వేటగాడి చేతిలో పరికరం మారింది, దాంతో సామెత తలకిందులైంది. పరికరంతో పాటు మారిపోయే మాట జంతువు గురించిన సత్యం ఎలా అవుతుంది?

మరి తాతల అనుభవం అంతా వట్టిదేనా అని అడుగుతారు. కాదు. వాళ్లు చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. ఒక్కసారి ఆ కాలపు వెన్నెల రాత్రులు గుర్తు చేసుకోండి. కళ్లాల్లో నూర్పిళ్లు వెన్నెల్లో సాగేవి. ఎడ్లను బంతి కట్టి తిప్పేవాళ్లు. బండ్లు రాత్రంతా నడిచేవి. బావుల దగ్గర మోట తోలేవాళ్లు. ఆడవాళ్లు పాటలు పాడుతూ కోతలు కోసేవాళ్లు, పిల్లలు చేలగట్ల మీద ఆడుకునేవాళ్లు. ప్రతి చేనులో కుక్క, ప్రతి కళ్లంలో మంట, ప్రతి దిక్కున మనిషి గొంతు. అలాంటి రాత్రి పంది రాలేదంటే అది వెన్నెలకు భయపడా, మనుషులకు భయపడా? అమావాస్యకు అందరూ ఇళ్లకు చేరేవాళ్లు, పంది చేనుకు చేరేది. తాతలు వెన్నెలను చూశారు. వెన్నెల్లో ఉన్న తమను తాము లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు కళ్లాలు లేవు. కోత మిషన్ వచ్చి గంటల్లో పని ముగించి పోతుంది. పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు. పున్నమి నాడు కూడా చీకటి పడ్డాక చేలల్లో మనిషి అలికిడి లేదు. మాటకు బలమిచ్చిన మనుషులు పోయారు, మాట మాత్రం మిగిలింది. మనిషి లేని వెన్నెలకు పంది ఎందుకు భయపడాలి?

మనిషి అలికిడికి జంతువు ఎంతగా లొంగుతుందో చెప్పే పరిశోధన కూడా ఉంది. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఆరు ఖండాల్లోని 62 రకాల క్షీరదాలను చూసి, మనుషుల తాకిడి ఉన్నచోట అవి తమ పనులను రాత్రికి మార్చుకుంటున్నాయని తేల్చింది. అడవిపంది పుట్టుకతో చీకటి జంతువేమీ కాదు. ఎవరూ తరమని చోట పగలూ తిరుగుతుంది. దానికి చెమట పట్టదు కాబట్టి ఎండలో బురదగుంట వెతుక్కుంటుంది, చల్లపూట మేతకు లేస్తుంది. మనకు దగ్గరయ్యే కొద్దీ రాత్రికి జరుగుతుంది. అది చదివేది మన రాకపోకలను. మనం ఏ రాత్రి చేనులో లేమో దానికి తెలుస్తుంది. తిథి ప్రకారం కావలి మానేస్తే, ఏ రాత్రి రావాలో మనమే దానికి చెప్పినట్టవుతుంది.

చేను నా చేతికి వచ్చాక ఒక పంటకాలం పాటు నోటుబుక్కు పెట్టాను. తిథి, చంద్రుడు ఎక్కే గూకే వేళలు, గాలి వచ్చే దిక్కు, పంట దశ, ఆ రాత్రి చుట్టుపక్కల చేలల్లో కావలి ఉన్నదీ లేనిదీ, పంది దిగిన జాడ. ఇన్ని గళ్లు గీసి రోజూ నింపాను. తిథి గడిలో ఏ వరసా కనబడలేదు. పంట దశ గడిలో కనబడింది. ఊడలు దిగి కాయ ఊరడం మొదలయ్యాక రాకడ పెరిగింది, పీకుడు దాకా ఆగలేదు. కావలి గడిలో కనబడింది. పక్క చేనులో మంట వేసిన రాత్రి మా చేనుకు, మా చేనులో డబ్బా మోగిన రాత్రి పక్క చేనుకు. గాలి గడిలో అన్నిటికంటే తేటగా కనబడింది. మంచె వైపు నుంచి వాగు వైపు గాలి వీచిన రాత్రి అవి వాగు దారిని రాలేదు, చుట్టు తిరిగి ఇంకో మూల నుంచి వచ్చాయి. ఒక్క చేను నోటుబుక్కు శాస్త్రం కాదని నాకు తెలుసు. కానీ "రాదు" అన్న మాట తప్పని రుజువు చేయడానికి ఒక్క రాత్రి చాలు.

ఆ ఒక్క రాత్రి నాయిన కళ్లతో చూశాడు. అప్పటికే ముసలివాడు, చలికి ఓర్చుకోలేడు. అయినా పున్నమి నాడు బతిమాలి మంచె ఎక్కించాను. నడిరేయి దాటింది. చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు, మంచె నీడ మంచె కిందే పడి ఉంది. గాలి వాగు వైపు నుంచి మా మొహానికి కొడుతోంది. ముందు ఆకు నలిగిన చప్పుడు, తర్వాత తడిమట్టి వాసన. ఒక పెద్ద ఆడపంది గట్టు మీదికి వచ్చి, మూతి పైకెత్తి, గాలిని పీల్చి ఆగింది. ఒక్కసారి కూడా ఆకాశం వైపు గాని, మా వైపు గాని చూడలేదు. తర్వాత వరసగా మిగిలినవి దిగాయి. మూతి మట్టిలోకి పోవడం, వేరు తెగడం, కాయ కరకరమనడం ఒక్కొక్కటీ విడిగా వినబడ్డాయి. నాయిన డబ్బా కొట్టలేదు. కొద్దిసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. "ఇన్నేండ్లు ఇంట్ల పండుకుంటి బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత కొట్టాడు, చెయ్యి నొప్పి పుట్టేదాకా.

ఈ నమ్మకం వల్ల పోయేది పంట ఒక్కటే అయితే నేను ఇంత గట్టిగా రాసేవాణ్ణి కాదు. చీకటి రాత్రే పంది వస్తుందని నమ్మినవాడు, చీకటి రాత్రే మోటారు లైను నుంచి తీగ లాగి చేను చుట్టూ కరెంటు పెడుతున్నాడు. అదే చీకట్లో నీళ్లు మళ్లించడానికి పోయే పక్క రైతుకు ఆ తీగ కనబడదు. అడవిపందుల కోసం పెట్టిన తీగ తగిలి రైతులు, కూలీలు, ఒక్కోసారి తీగ పెట్టినవాడే చనిపోయిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మళ్లీ మళ్లీ చదువుతున్నాం. కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు పెద్దపులులు కూడా ఇలాంటి తీగలకు, ఉచ్చులకు బలయ్యాయి. పిండిలో చుట్టి పెట్టే నాటుబాంబు పంది కోసం అంటారు, దాన్ని కొరికి దవడ పగిలేది ఊరి ఆవుకు. 2020లో కేరళలోని పాలక్కాడ్ దగ్గర పేలుడు మందు పెట్టిన కాయ తిని ఒక కడుపుతో ఉన్న ఏనుగు నీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది. తీగకు, బాంబుకు ఏ జంతువు వచ్చిందో తెలియదు. అవి మనిషిని కూడా గుర్తుపట్టవు.

వెన్నెల వేట చేసేవాళ్లకూ ఒక మాట చెప్పాలి. అడవిపంది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న జంతువు. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు ప్రమాదంగా మారినప్పుడు సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు చూపుతూ రాతపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించింది. దారి ఉంది. ఆ దారిన పోవాలి, ఊరంతా కలిసి అడగాలి. అనుమతి వచ్చి, లైసెన్సు ఉన్న వేటగాడు వచ్చినప్పుడైనా పున్నమి దాకా ఆగుదామని కూర్చోవద్దు. కాయ ఊరిన చేనుకు పున్నమి దాకా వ్యవధి ఉండదు. మంద ఏ వాగు దారిని వస్తోంది, గాలి ఎటు వీస్తోంది, ఏ చేను ఏ దశలో ఉంది అన్నవి చూసి రోజు నిర్ణయించాలి.

మరి ఏం చేయాలి? తిథిని బట్టి కాదు, పంట దశను బట్టి కావలి పెట్టాలి. పల్లిలో ఊడలు దిగిన నాటి నుంచి పీకుడు దాకా, మక్కలో కంకి పాలు పోసుకున్న నాటి నుంచి కోత దాకా, ఒక్క రాత్రి కూడా వదలకూడదు. ఒక్క రైతు అన్ని రాత్రులూ మేలుకోలేడు, నాయిన మేలుకోలేకపోయాడు. కాబట్టి వంతులు వేసుకోవాలి. పక్కపక్కన ఉన్న పది చేల వాళ్లు కలిస్తే ఒక్కొక్కరికి పది రోజులకు ఒక రాత్రి. ఒంటరిగా కాస్తే నా చేను తప్పించుకొని నీ చేనుకు పోతుంది. కలిసి కాస్తే అడవి వైపు తిరిగిపోతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు పల్లి చుట్టూ ముళ్ల కుసుమ, మక్క చుట్టూ ఆముదం సాళ్లు వేయమని చెబుతూ వచ్చారు. అది పంది కంటికి కాదు, ముక్కుకూ చర్మానికీ వేసే కంచె. అందుకే పనికొస్తుంది. ఖర్చు భరించగలిగితే, కొందరు కలిసి సోలార్ కంచె పెట్టుకోవచ్చు. అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొట్టి తరిమేస్తుంది, ప్రాణం తీయదు. మోటారు లైను తీగకూ దానికీ ఉన్న తేడా చావుకూ బతుకుకూ ఉన్నంత తేడా. ఏ వాసన కట్టినా, ఏ చప్పుడు పెట్టినా, రోజూ ఒకేచోట ఒకేలా ఉంటే పంది అలవాటు పడిపోతుంది. మారుస్తూ ఉండాలి. మంచె ఎక్కే ముందు చంద్రుణ్ణి కాదు, గాలిని చూడాలి. పిడికెడు దుమ్ము ఎగరేస్తే చాలు, ఎటు కూర్చోవాలో అదే చెబుతుంది.

నోటుబుక్కు మాత్రం ప్రతి ఊళ్లో ఒకటి ఉండాలి. పంది దిగిన తేదీ, గంట, చోటు, పంట దశ రాసిపెట్టాలి. అటవీశాఖకు అర్జీ పెట్టేటప్పుడు, నష్టపరిహారం అడిగేటప్పుడు అదే మన సాక్ష్యం. అంతకంటే ముఖ్యంగా, రెండు మూడు పంటకాలాలు రాస్తే మన చేలల్లో పంది నడక మనకే అర్థమవుతుంది. అప్పుడు పిల్లలకు మనం చెప్పే మాట విన్నమాట కాదు, కన్నమాట అవుతుంది.

ఈసారి మా వాగు గట్టు చేల వాళ్లం తొమ్మిది మందిమి వంతుల చీటీ రాసుకున్నాం. చీటీ రాస్తుంటే ఒక పెద్దాయన, "పున్నమి నాడు ఖాళీ పెట్టు, ఆ రాత్రి ఎవరు పోతరు?" అన్నాడు. నేను ఖాళీ పెట్టలేదు. మాఘ పున్నమి ఎదురుగా నా పేరు రాశాను.